జోడీ మార్చని మనిషి

ఆవిడ పేరు నాకు తెలియదు. మేం పనికొచ్చిన అరబ్బు దేశంలో, మిష్రిఫ్ అనే పేటలో క్లినిక్ బయట నా పక్కన కూర్చున్న పొడుగాటి తెల్లావిడ.

నాతోపాటు ఒకే ఇంట్లో పనిచేసే కడప అక్క మోకాలు చూపించుకోవడానికి లోపలికి వెళ్లింది. అక్క కుంటుతోందని, ఆమెను ఊరికి పంపేసి కొత్త పిల్లను తెచ్చుకుంటానని మేం 'మామా' అని పిలిచే మా యజమానురాలు పొద్దున్నే అంది. నేను కళ్లు తుడుచుకోవడం చూసి, ఏమైందని ఆ తెల్లావిడ అడిగింది. వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాను.

ఆవిడది డెన్మార్క్. ఒకప్పుడు బ్యాడ్మింటన్ డబుల్స్ ఆడేదట.

"నా జోడీకీ మోకాలు దెబ్బతింది. ఆమెను వదిలేసి కొత్త అమ్మాయితో ఆడితే పతకం వస్తుందన్నారు. నేను ఒప్పుకోలేదు."

"మరి గెలిచారా?"

"లేదు. ఆట మానేసేదాకా ఓడుతూనే ఉన్నాం." పెద్దగా నవ్వింది. "మళ్లీ ఆడమన్నా ఆమెతోనే ఆడతాను."

ఇంటికి రాగానే మామా అక్కను చూపించి, "రేపు కొత్త పిల్ల వస్తుంది. ఈమె ఖలాస్" అంది.

ఎన్నడూ ఎదురుచెప్పనిదాన్ని, "ఉంటే ఇద్దరం ఉంటాం మామా, లేదంటే ఇద్దరం పోతాం" అన్నాను.

అక్క నా మోచెయ్యి గిల్లింది. "నీకేమన్నా తిక్క పట్టిందా మే?"

నెలరోజులు మామా నాతో మాట్లాడలేదు. కొత్త పిల్ల మాత్రం రాలేదు.