రెండు వాచీలు, ఒక నాడి

రిటైరవడానికి ఆరేళ్ల ముందు, జూన్ మొదటి వారంలో, నన్ను వార్డు నుంచి తప్పించి ట్రాన్స్‌ఫర్ డ్యూటీలో వేశారు. అప్పట్లో నేను పుదుచ్చేరిలోని ఒక ఆసుపత్రిలో సీనియర్ స్టాఫ్ నర్సుని. పెద్ద వైద్యం అవసరమైన రోగిని అంబులెన్సులో చెన్నై తీసుకెళ్లి, అక్కడి నర్సుకు కేసు షీటుతో సహా అప్పగించి రావడమే ఆ డ్యూటీ. దారిలో పదిహేను నిమిషాలకొకసారి నాడి, శ్వాస, బీపీ రాయాలి. మానిటర్ ఉంటుంది కానీ బండి కుదుపులకు దాని అంకెలను నమ్మలేం. మణికట్టు పట్టుకుని లెక్కపెట్టాల్సిందే. నా సన్నటి గొలుసు వాచీకి సెకన్ల ముల్లు లేదు. మొదటి ప్రయాణంలో ఫోను తీస్తే, గ్లవ్ తొడిగిన వేలికి అది పలకలేదు.

మర్నాడు ఊళ్లోనే ఉన్న కోసపాళయంలో మునిరత్నం మామ వాచీల అంగడికి వెళ్లాను. ఆయన మా నాన్న స్నేహితుడు, అరవై దాటిన మనిషి. తెలుగు చదవడం రాదు, మాతో మాట్లాడేది మాత్రం తెలుగే.

"ఏంది సరోజా, యాడికి ప్రయాణం?" అన్నారు.

వెయ్యి రూపాయల లోపల, నీళ్లు, స్పిరిటు తగిలినా పాడవని పట్టీతో ఒక వాచీ కావాలన్నాను. ఆయన రెండు తీసి బల్ల మీద పెట్టారు. ఒకటి డిజిటల్. రెండోది సెకన్ల ముల్లున్నది, తెల్ల డయలు, నల్ల అంకెలు, రబ్బరు పట్టీ.

"ఏది వాటమో నువ్వే చూసుకోవల్ల," అన్నారు.

"అయితే చెయ్యి ఇట్లా ఇయ్యండి మామా."

డిజిటల్ వాచీ చూస్తూ ఆయన నాడి అర నిమిషం లెక్కించి రెట్టింపు చేశాను. డెబ్బై ఆరు. కళ్లు ఒక అంకె చదువుతుంటే మనసు ఇంకో అంకె లెక్కపెట్టాలి, రెండూ కలిసిపోతున్నాయి. ముల్లు వాచీతో ఆ తికమక లేదు, ముల్లు ఎక్కడుందో చూస్తే చాలు. కానీ దాంతో అలాగే అర నిమిషం లెక్కిస్తే తొంభై రెండు వచ్చింది.

మామ ముఖం ముడుచుకుంది. "రెండిట్లో ఏదో తప్పు నడస్తా ఉండాది. తప్పు వాచీ నేను అమ్మను సరోజా."

రెండింటినీ గోడ గడియారంతో కలిపి ఐదు నిమిషాలు చూశారు. సెకను తేడా లేదు. నాకు ఆసక్తి పెరిగింది. నాడి ఎగుడుదిగుడుగా ఉందనిపిస్తే నిండు నిమిషం లెక్కించాలన్నది మా నియమం. మళ్లీ పట్టుకున్నాను. రెండు దెబ్బలు దగ్గరగా, ఒక ఖాళీ, మూడు గబగబా, మళ్లీ ఖాళీ. ఏ వరుసా లేదు.

ఆయాసం వస్తోందా అని అడిగాను. మెట్లెక్కితే కొంచెం వస్తుందని, వయసు కదా అని అన్నారు. ఈసీజీ తీయించాలన్నాను.

"వాచీ కొనడానికొచ్చి నన్ను పేషెంటును చేస్తావే!" అని నవ్వారు.

"ఇట్లా కొట్టుకునే గుండెలో నెత్తురు గడ్డ కట్టచ్చు మామా. అది మెదడుకు పోతే చెయ్యి పడిపోతాది. ఆ చేత్తోనే కదా మీరు స్క్రూలు తిప్పేది."

ఆయన నవ్వు ఆపి తన కుడిచేతిని కాసేపు చూసుకున్నారు. "ఎంతసేపు పడతాది?" అని మెల్లగా అడిగారు. షట్టరు దించాక ఇద్దరం ఆటోలో వెళ్లాం.

ఈసీజీలో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అని తేలింది. గుండె పై గదులు లయ తప్పి కొట్టుకోవడమన్నమాట. వేగం తగ్గించడానికి ఒక మాత్ర, నెత్తురు గడ్డకట్టకుండా ఒక మాత్ర రాశారు డాక్టరు. మామ ఇప్పటికీ అంగడి తెరుస్తున్నారు, ఆ చేత్తోనే స్క్రూలు తిప్పుతున్నారు.

నేను ముల్లు వాచీ తీసుకున్నాను. సెకన్ల ముల్లు, తెల్ల డయలు, కడిగితే శుభ్రమయ్యే పట్టీ: ఈ పనికి అంతకన్నా అక్కర్లేదు. మార్చుకున్నది నా అలవాటును. ఏళ్ల తరబడి తొందరలో అర నిమిషం లెక్కతో సరిపెట్టేదాన్ని. ఆ రోజు నుంచి ప్రతి కొత్త రోగికీ మొదటిసారి నిండు నిమిషం లెక్కించాను. రెండు కొలతలు కలవనప్పుడు ముందు పరికరాన్ని అనుమానించడం సరైనదే. అది బాగుందని తేలాక, ఎవరి నాడి కొలుస్తున్నామో ఆ మనిషిని మళ్లీ చూడాలి.