ఒరగల్లు మీద పెన్ను

రాబర్ట్‌సన్‌పేట బజారులో మా పెద్దనాయన నాగేంద్రప్పకు పెన్నుల కొట్టు ఉండేది. పలకలు, నోటు పుస్తకాలు, జామెట్రీ పెట్టెలు కూడా అమ్మేవాడు కానీ జనం వచ్చేది ఇంకు పెన్నుల కోసమే. కొత్త రకం ఏది వచ్చినా ముందు వారం రోజులు తానే పరీక్ష చేసేవాడు. మొదటి మూడు రోజులు రాసేవాడు కాదు. ఇంకు నింపి, మూత బిగించి, తెల్ల చొక్కా జేబులో తలకిందులుగా పెట్టుకుని తిరిగేవాడు. జేబుకు మరక అంటితే పెన్ను వెనక్కి పోయేది. ఆ చొక్కాలను పెద్దమ్మ తిట్టుకుంటూ విడిగా ఉతికేది. మరక పడకపోతే అప్పుడు రాత మొదలయ్యేది. వారం గడిచాక "రాయొచ్చు" అనేవాడు, లేదా "రాయదు" అనేవాడు. బడి టీచర్లు, ఊరి బంగారు గనుల ఆఫీసు గుమాస్తాలు ఆ ఒక్క మాట కోసం ఆగేవాళ్లు.

పెన్నుల మీదే కాదు, పెద్దనాయనకు అన్నిటి మీదా అనుమానమే. దానికి కారణం ఉంది. ఆయన తండ్రిది నగల అంగడి. గనులు ఇంకా దొరల చేతిలో ఉన్న రోజుల్లో ఎవరో ముక్కుపుడక చేయించమని చిన్న బంగారు ముద్ద తెచ్చి ఇచ్చారు. అది గనిలోంచి దొంగతనంగా బయటికి వచ్చిన బంగారం. పోలీసులు ఆయన్ను మూడు రోజులు స్టేషన్లో కూర్చోబెట్టారు. తిరిగి వచ్చినవాడు అంగడి మూసేశాడు. అప్పటికి పెద్దనాయనకు పన్నెండేళ్లు. "బంగారాన్ని చూస్తే యాడిదని అడుగుతారు. కాగితాన్ని ఎవురూ అడగరు" అని, పెద్దయ్యాక ఈ కొట్టు పెట్టాడు.

గనులు సర్కారువి అయిన చాలా ఏళ్లకు, ఒక మార్చి నెల మొదట్లో, బెంగళూరు నుంచి బదరీనాథ్ అనే ఏజెంటు కొత్తగా విడుదలైన పెన్ను తెచ్చాడు. నేను ఎమ్మే చదువు సెలవుల్లో ఇంటికి వచ్చి కొట్టులో కూర్చుని ఉన్నాను. ముదురాకుపచ్చ రంగు, లావు ఒళ్లు, పసుపుపచ్చగా మెరిసే పాళీ. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో బంగారు పాళీ అని, దాని పక్కన చీమ తలంత అక్షరాల్లో పూత అని ఇంగ్లీషులో ఉంది.

పెద్దనాయన కళ్లద్దాలు పైకి తోసుకుని డబ్బాను కంటికి ఆనించుకున్నాడు.

"ఏమప్పా, పెద్దగా ఉండేది అబద్ధమూ, చిన్నగా ఉండేది నిజమూనా?"

"పూత అని రాసినాము గదా సార్, దాచిపెట్టలేదే."

"దాచిపెట్టలేదు. అగపడకుండా పెట్టినారు."

బదరీనాథ్ నవ్వేసి, వచ్చే సోమవారం వస్తానని చెప్పి పెన్ను వదిలి వెళ్లాడు. అదే సాయంత్రం ఆడపిల్లల బడి నుంచి కమలాక్షి టీచరు వచ్చింది. పదో తరగతి పిల్లలు నలభైమందికి ఒకే రకం పెన్నులు కొనాలని ఆమె ఆలోచన. పరీక్షలు నెలాఖరున.

"బాల్‌పెన్నుతో రాస్తే పిల్లోళ్ల అక్షరాలు కోడి గెలికినట్ల ఉండాయి. మీరు రాయొచ్చంటే ఇదే తీసుకుంటాను, లేదంటే ఇంగ వాళ్లిష్టం" అంది.

"వారం ఆగు తల్లీ" అన్నాడు పెద్దనాయన.

మరునాడు మధ్యాహ్నం ఆయన స్నానానికి వెళ్లినప్పుడు చొక్కా కొక్కేనికి వేలాడుతూ ఉంది. పరీక్షలో ఉన్న పెన్నును ఎవరూ ముట్టుకోకూడదు. నేను ముట్టుకున్నాను. నా నోటు పుస్తకంలో అర పేజీ రాశాను. పెన్ను కాగితం మీద ఎక్కడా ఆగకుండా నున్నగా సాగింది. వెంటనే తుడిచి, ఎలా ఉన్నదో అలా జేబులో పెట్టేశాను.

మూడు రోజులు మరక పడలేదు. అది ఆయనకు నచ్చలేదు. కారని పెన్నులో ఇంకేదో మోసం ఉండి తీరాలి. గురువారం ఇంకు వంపేసి, పాళీ శుభ్రంగా కడిగి తుడిచి, నన్ను వెంటబెట్టుకుని నగల వ్యాపారి ఆంజినప్ప అంగడికి బయలుదేరాడు.

"పాళీ ఊడదీసి ఇయ్యి, పక్కన చిన్న గీటు గీసి చూస్తాను" అన్నాడు ఆంజినప్ప.

"ఊడదీసినాక నీ చేతిలో ఏది మారుతుందో ఎవురికి తెలుసు?"

"ముప్పై ఏండ్ల స్నేహితం నాగేంద్రప్పా, నీ పాళీ దొంగిలిస్తానా?"

"దొంగిలిస్తావని అనలేదు. ఒరగల్లు ఇట్ల ఇయ్యి."

బంగారం గీసి చూసే ఆ నల్లరాయిని తీసుకుని, పెన్ను పట్టుకున్నది పట్టుకున్నట్టే, కాగితం మీద రాసినట్టు పాళీ మొనను గట్టిగా నాలుగైదుసార్లు రుద్దాడు. రాయి మీద తెల్లటి గీత పడింది. పసుపు జాడ లేదు. "చూసినావా!" అన్నాడు. ఆంజినప్ప నుదురు రుద్దుకుని, రాయి వెనక్కి తీసుకున్నాడు.

ఆ సాయంత్రమే రాత మొదలుపెట్టాడు. పెన్ను కాగితాన్ని గోకింది. పోగులు లేపింది. కిందికి లాగిన గీతలు లావు, పైకి తీసిన గీతలు అసలే లేవు. శుక్రవారానికల్లా బజారంతా తెలిసిపోయింది. కమలాక్షి టీచరుకు తానే కబురు పంపాడు: రాయదు.

సోమవారం బదరీనాథ్ వచ్చి ఆ మాట విన్నాడు. ముఖం వాడిపోయింది. "ఇంత దూరం వచ్చి వాదించను సార్. మీరు రాయదంటే ఈ ఊర్లో ఎవరూ కొనరు" అని, మారికుప్పంలో ఇంకో పని చూసుకుని అక్కడే అయిదింటి రైలు ఎక్కుతానని, పెన్ను కూడా తీసుకోకుండా వెళ్లిపోయాడు.

నేను ఇంటికి పోయి నా అర పేజీ తీసి మళ్లీ చూసుకున్నాను. నాలుగు గంటలకు నోటు పుస్తకం తెచ్చి ఆయన ముందు పెట్టాను.

"ఏందిది?"

"ఆ పెన్నుతోనే రాసినాను పెద్దనాయనా. మంగళవారం. ఒరగల్లుకు ముందర."

తిడతాడనుకున్నాను. ఆయన ఆ అర పేజీని వేలితో తడిమాడు. భూతద్దం తీసి పాళీ మొన చూశాడు. చూస్తూనే ఉన్నాడు. మొన ఒకవైపు చదునుగా అరిగిపోయి ఉంది.

"బస్సు ఎప్పుడుండాది?" అన్నాడు.

మేము మారికుప్పం స్టేషనుకు వెళ్లేసరికి రైలు నిలబడే ఉంది. బదరీనాథ్ కిటికీ పక్కన ఉన్నాడు. పెద్దనాయన కిటికీలోంచి చేయి చాపి పెన్ను చూపించాడు.

"ఇది నేనే చెడగొట్టినాను. మొన బంగారమా కాదా అని రాయి మీద రుద్దినాను."

బదరీనాథ్ నోరు తెరిచాడు. "మొనకు బంగారం ఎవరు పెడతారు సార్? రెండు రోజుల్లో అరిగిపోతుంది. అక్కడ గట్టి లోహం గుండు ఉంటుంది. పూత పైననే."

"ఆ మాట డబ్బా మీద లేదు" అన్నాడు పెద్దనాయన. ఓడిపోతున్నప్పుడు కూడా అనుమానం ఆయన్ను వదల్లేదు. "నీ జేబులో ఉండేది ఈ రకమేనా? ఇయ్యి."

బదరీనాథ్ తన పెన్ను తీసి ఇచ్చాడు. రైలు కదిలింది.

బస్సు దిగాక పెద్దనాయన కొట్టుకు వెళ్లలేదు. నేరుగా కమలాక్షి టీచరు ఇంటికి వెళ్లి వాకిట్లో నిలబడి, ఒరగల్లు సంగతి మొత్తం చెప్పి, బదరీనాథ్ ఇచ్చిన పెన్ను ఆమె చేతికిచ్చాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది కానీ నవ్వు ఆగలేదు.

"మరి ఈ పెన్ను రాస్తుందా అప్పా?"

"తెలీదు."

"మీరు చెప్పకపోతే నేను ఎవురి మాట నమ్మల్ల?"

"నా మాట నమ్మొద్దు. నువ్వే రాసి చూడు తల్లీ. రాయదంటే బజారులో నిలబడి నువ్వే చెప్పు."

ఆమె పిల్లలు జవాబులు రాసే ఖాళీ కాగితం ఒకటి తెచ్చుకుని అరుగు మీద కూర్చుంది. పెద్దనాయనకు కుర్చీ వేయించింది. ఆయన కూర్చోలేదు. పాళీ వైపే చూస్తూ నిలబడ్డాడు. ఆమె తొందరపడకుండా మొదటి పేజీ అంతా నింపింది. ఒక్క పోగూ లేవలేదు. కాగితం తిరగేసి రెండో వైపు మొదలుపెట్టింది.

అప్పుడు ఆయన కూర్చున్నాడు.