ఫ్యాన్లు ఆగిన మధ్యాహ్నం

నగర పరిధి లోపల అయితే పని తేలిక. చప్పుడు కొలిచే మీటరు పెట్టడం, అంకె గీత దాటిందో లేదో చూడడం, కాగితం చేతిలో పెట్టి రావడం. పరిధి దాటి పల్లెల్లోకి వెళితే లెక్కే వేరు. అక్కడ చప్పుడు ఇంతకు మించకూడదన్న అంకె లేదు. ఫిర్యాదు చేసినవాళ్ళ పెరట్లోనే నిలబడి, యంత్రం నడుస్తున్నప్పుడు ఒకసారి, ఆగినప్పుడు ఒకసారి కొలవాలి. రెండింటికీ తేడా మరీ ఎక్కువగా ఉంటేనే అది కేసు. ఆ రెండో కొలత కోసం తిరగడంలోనే చెవులమ్మ ఉద్యోగం సగం అరిగిపోయింది.

చెవులమ్మ అన్నది పల్లెలవాళ్ళు పెట్టిన పేరు. శబ్దాల ఇన్‌స్పెక్టరమ్మ అని పిలవడానికి నోరు తిరగక అలా ఖాయం చేశారు. మొదట్లో ఒళ్ళు మండేది. ఇప్పుడు ఎవరైనా అలా పిలిస్తే, "ఆఁ, చెప్పండి" అని స్కూటరు ఆపుతుంది. రంపం మిల్లులు, కంకర మిషన్లు, బోరు మోటార్లు. ఎక్కడికి వెళ్ళినా ఒక పక్షంవాళ్ళు ఇంత ఆలస్యంగానా అంటారు, రెండో పక్షంవాళ్ళు అసలెందుకొచ్చావంటారు. సాయంత్రం ఇల్లు చేరేసరికి టీవీ హోరెత్తుతుంటుంది. తగ్గించమని అడిగే ఓపిక కూడా ఉండదు. ఊరందరి చప్పుళ్ళూ ఆపేదానివి, ఇంట్లోది నీవల్ల కాదేం అని భర్త వేళాకోళమాడితే, ఇంట్లో ఎవరూ ఫిర్యాదు రాసివ్వలేదుగా అని అటు తిరిగి పడుకుంటుంది.

ఈసారి కేసు కోళ్ళ షెడ్డుది. పక్కింట్లో రిటైరైన బస్సు డ్రైవరు, అతని భార్య. ఆమెకు పెద్ద ఆపరేషన్ అయింది. బాగా నిద్రపోతేనే కోలుకుంటుందని డాక్టరు చెప్పాడు. రాత్రంతా నొప్పితో గడిచిపోతుంది. కన్ను మూతపడేది మధ్యాహ్నమే. సరిగ్గా ఎండ ముదిరే ఆ వేళకే షెడ్డులోని పెద్ద ఫ్యాన్లన్నీ ఒక్కసారిగా తిరుగుతాయి. అవి వాళ్ళ పడకగది కిటికీకి ఎదురుగానే ఉన్నాయి. నిద్రలేక మనిషి చీపురుపుల్లలా అయిపోయింది.

మోత ఉన్నప్పటి కొలత మొదటిరోజే దొరికింది. కాసేపు ఫ్యాన్లు ఆపమంటే కోళ్ళాయన ఒప్పుకోలేదు. ఎదిగిన కోళ్ళు, ఈ ఎండకు గాలి ఆగితే మీ కొలత పూర్తయ్యేలోపే ముక్కులు తెరిచి పడిపోతాయన్నాడు. అది అబద్ధం కాదని చెవులమ్మకూ తెలుసు. లారీ వచ్చి కోళ్ళను ఎత్తుకెళ్ళాక షెడ్డు ఖాళీ అవుతుంది, అప్పుడు రమ్మన్నాడు.

డ్రైవరు ఆ మాట విని నవ్వాడు. "అంటే, ఆయన కోళ్ళు అమ్ముడుపోయేదాకా మా ఆవిడ కళ్ళు తెరుచుకుని పడుకోవాలన్నమాట. బ్రహ్మాండంగా ఉంది మేడమ్ మీ చట్టం."

చెవులమ్మ ఆ మాట కూడా మోసుకుని ఇంటికి వెళ్ళింది.

చివరికి లారీ వచ్చి వెళ్ళిందని కబురందింది. మిట్టమధ్యాహ్నం ఆమె వెళ్ళేసరికి డ్రైవరు గేటుకు అడ్డంగా నిలబడి, నోటిమీద వేలు పెట్టుకుని ఉన్నాడు.

"లోపలికి రాకండి మేడమ్," అన్నాడు గొంతు బాగా తగ్గించి. "పొద్దున్నుంచీ చప్పుడు లేదు. పడుకుంది."

ఈ కొలత లేకపోతే కేసే లేదని, కొత్త కోడిపిల్లలు దిగి పెరిగాయంటే మళ్ళీ మొదటికే వస్తుందని ఆమె నచ్చజెప్పింది.

"మొదటికే రానివ్వండి. ఇవాళొక్కరోజు పడుకోనివ్వండి."

ఇన్నాళ్ళూ ఆగాలా అని దెప్పిన మనిషి ఇప్పుడెందుకొచ్చావంటున్నాడు. చెవులమ్మకు కోపం రావలసింది. అంత శక్తి లేక, చెప్పులు విడిచి నిలబడింది. డ్రైవరు ఆమె పాదాలను చూశాడు. ఆలోచించి, కీలు కిర్రుమనకుండా గేటును రెండు చేతులా పైకెత్తి పట్టుకుని దారి ఇచ్చాడు.

ఆమె మీటరు స్టాండు కాళ్ళు ఒక్కొక్కటే విప్పి పెరట్లో నిలబెట్టింది. కొలత న్యాయంగా జరుగుతుందో లేదో చూసుకోవడానికి కోళ్ళాయన కూడా వచ్చాడు. ముగ్గురూ నూతిలోకి తొంగిచూస్తున్నట్టు మీటరు మీదికి వంగారు. తేడా చాలా ఉంది. ఎవరూ వాదించనంత ఉంది.

ఫ్యాన్లు అవతలి వైపుకు మార్చాలంది చెవులమ్మ, గుసగుసగానే. గోడ పగలగొట్టాలని కోళ్ళాయన గొణిగాడు. కోడిపిల్లలకు మొదట్లో పెద్ద ఫ్యాన్లతో పనిలేదు కదా, అవి పెరిగేలోపు మార్చకపోతే ఆపమని ఉత్తర్వు ఇవ్వాల్సి వస్తుందని చెప్పింది. ఆయన తలాడించాడు. అది సరేననో, చూద్దాంలే అనో తెలియలేదు.

"ఎవరది, గుసగుసలాడేది?" అంది కిటికీలోంచి ఒక నీరసమైన గొంతు.

డ్రైవరు ముఖం వాడిపోయింది. "నువ్వు పడుకోలేదూ?"

"ఎక్కడ పడుకుంటానూ? ఇప్పుడు మొదలెడతారు, ఇదిగో ఇప్పుడు మొదలెడతారు అని చెవులు రిక్కించుకుని పడుంటే, నిద్ర ఎక్కణ్ణుంచి వస్తుంది?"

చెవులమ్మ స్టాండు మడవబోయి ఆగింది. కోళ్ళాయన వైపు తిరిగింది.

"నాకు తలాడించడం కాదండీ. వెళ్ళి ఆవిడతో చెప్పండి."

ఆయన చేతులు చొక్కాకు తుడుచుకుంటూ కిటికీ దగ్గరికి వెళ్ళాడు. లోపలికి చూడకుండా గోడకేసి మాట్లాడాడు.

"వదినా, షెడ్డు ఖాళీగా ఉంది. కొత్త పిల్లలు వచ్చినా ఇటువైపు ఫ్యాన్లు వెయ్యను. అటు గోడకు మార్చాకే వేస్తాను."

"మార్చకుండా వేస్తే?"

ఆయన కాసేపు కాలితో మట్టి గీశాడు. "స్విచ్చి ఎక్కడుందో అన్నకి తెలుసు. షెడ్డుకి తాళం వెయ్యను. వచ్చి ఆపేయమను."

లోపల మంచం కిర్రుమంది, అటు తిరిగి పడుకున్నట్టు. డ్రైవరు అలాగే నిలబడి విన్నాడు. ఆ తర్వాత చాలాసేపు ఏమీ వినపడలేదు.

చెవులమ్మ మీటరు తీసుకుని బయటికి నడిచి, గేటు మూయబోయింది.

"అలా వదిలేయండి మేడమ్," అన్నాడు అతను పెదవులు మాత్రమే కదిలిస్తూ. "సాయంత్రం నేను వేసుకుంటాను."