కట్ట మీద పాటగాడు

శామీర్‌పేట చెరువు కట్ట మీద బాలమల్లు పేరెత్తితే జనం ఇప్పటికీ నవ్వుతారు. నవ్వేవాళ్లు నవ్వనీ. నాకు మాత్రం ఒళ్లు మండుతుంది. నా పేరు ఏజాజ్. పొద్దున్నే కట్ట మీద వేలంలో చేపలు పాడుకొని, బండి వెనక ఐసు పెట్టె కట్టుకొని, మేడ్చల్‌లోనూ సుచిత్ర దగ్గరా అమ్ముకుంటాను. కోపం నాకు ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో సైదా రోజూ అంటుంది. బాలమల్లు అదే మాటను ఇంకో రకంగా అనేవాడు. నేను బండి దిగీ దిగకముందే, "ఏజాజ్ భాయ్, మిజాజ్ ఎట్లున్నది?" అని ఇటు కట్ట నుంచి అటు కట్టకు వినబడేలా అరిచేవాడు. ఏజాజ్‌కు మిజాజ్ కలపడం పెద్ద విద్యేం కాదు. కానీ ఆ పిలుపు చెవిన పడితే గానీ నాకు తెల్లారినట్టు ఉండేది కాదు.

మా దగ్గర పద్ధతేమిటంటే, చేపలు పట్టే సంఘం వాళ్లు తెల్లారేసరికి వల లాగి కట్ట మీద కుప్పలు పోస్తారు. కుప్ప పక్కన నిలబడి ధర పెంచుతూ అరిచేవాడు పాటగాడు. ఆ పని బాలమల్లుది. ధర అరవడం ఎవడికైనా వస్తుంది. ఈయన ధరకు మాటలు చుట్టి అమ్మేవాడు. రవ్వ చేపల కుప్ప ముందు నిలబడి, "రవ్వ, రవ్వ! ఉప్మా చేసేటందుకు గాదు, పులుసు పెట్టేటందుకు!" అనేవాడు. బొచ్చె చేపను తోక పట్టి ఎత్తి, బట్టతల వెంకటనర్సయ్య సేటు ముందు ఊపి, "సేటూ, గిది నువ్వే తీస్కోవాలె. నీకు లేకున్నా దీని పేర్ల బొచ్చున్నది!" అనేవాడు. సేటు తిట్టుకుంటూనే డబ్బు తీసేవాడు. అరవై దగ్గరపడ్డా తన పేరులో ఇంకా బాలుడే ఉన్నాడని, అందుకే అల్లరి పోలేదని చెప్పుకునేవాడు.

ఆయన మాటలకు నవ్వని మనిషి ఒక్కతే, ఆయన భార్య మైసమ్మ. ఒక ఏడు వానలు లేక చెరువు నిండలేదు, అలుగు పారలేదు. చేపలు పట్టేవాళ్లందరి మొహాలూ మాడిపోయి ఉన్నాయి. అదే వారం మైసమ్మకు మొగుడి మీద కోపం వచ్చి మాటలు మానేసింది. "గీ ఏడు చెర్వు అలగలే గని, మా మైసమ్మ అలిగింది!" అన్నాడాయన. ఆకలి మీదున్న వాళ్లు కూడా పొట్టలు పట్టుకొని నవ్వారు. మైసమ్మ మాత్రం గంప దించి, "చెర్వు అలుగుడేందయ్యా, దానికేం రోగం? నీ నోరు పడిపోను," అంది. ఆ తిట్టు ఆమెకు ఊతపదం. ముద్దొచ్చినా అదే, కోపమొచ్చినా అదే, అన్నానికి పిలవాలన్నా అదే.

2012 చలికాలంలో ఆయన గొంతు బొంగురుపోయింది. మైసమ్మ మిరియాల పాలు కాచి తాగించింది. మందుల దుకాణం వాడిచ్చిన గోలీలు మింగాడు. బీడీ మాత్రం మానలేదు. ఎండలు ముదిరేసరికి ముద్ద దిగడం కష్టమైంది. ఇగ ఆగితే లాభం లేదని నేనే పట్నంలోని పెద్ద దవాఖానాకు తీసుకుపోయాను. గొట్టం వేసి చూశారు, ముక్క తీసి పరీక్షకు పంపారు, ఇవాళ రా రేపు రా అని తిప్పారు. చివరికి ఒక కుర్ర డాక్టరు కూర్చోబెట్టి, గొంతులో గడ్డ ఉంది, మంచి గడ్డ కాదు అని చెప్పాడు.

బాలమల్లు ఆ మాటను పట్టుకున్నాడు. గడ్డ అంటే మాకు ఒడ్డు కూడా. "సారూ, బుద్ధి తెల్సినకాన్నుంచి చేపలను గడ్డకేసిన. వాటి ఉసురు తగిలినట్టున్నది. గిప్పుడవి నాకే గడ్డ ఏసినయి," అన్నాడు.

డాక్టరు నవ్వలేదు. గొంతులో మాట పుట్టే చోటును మొత్తం తీసేయాలన్నాడు. మెడ కింద చిన్న రంధ్రం పెడతారట. ఇక ఊపిరి అక్కణ్ణుంచే. ముక్కుకూ నోటికీ ఊపిరితో సంబంధం తెగిపోతుందట. మాట రాదట. ఏదో మిషను ఉంటుందన్నారు గానీ అది మాకు అందేది కాదు.

"జిందగీ అంతా కోతలే కోసిన సారూ," అన్నాడు బాలమల్లు. "ఇగ నన్నే కోస్తరా?"

అప్పుడు నాకు నవ్వు వచ్చింది, ఆ వెంటనే ఏడుపు వచ్చింది. బయట వరండాలో గోడకు ఆనుకొని మైసమ్మ నేల మీద కూర్చుని ఉంది. సంగతి చెబితే ఆమె ఏడవలేదు. నా మొహం చూసి, "నేనే అన్న భాయ్," అంది. "నోరు పడిపోను, నోరు పడిపోను అని దినాం అన్న. తథాస్తు దేవతలు ఇన్నరు." అలాంటిదేం ఉండదని నేను గద్దించాను. ఆ రోజు నుంచి ఆమె నోట ఆ తిట్టు మళ్లీ రాలేదు. పొద్దున్నే మొగుణ్ణి తిట్టని మైసమ్మను చూస్తే ఆ ఇంట్లో ఎవరో పోయినట్టే అనిపించేది.

వెంటనే చేరమన్నాడు డాక్టరు. ఈ మనిషి ఒప్పుకుంటేనా! మృగశిర కార్తె ముందుంది. ఆ రోజు చేప తినని ఇల్లుండదు మా వైపు. ఏడాది మొత్తంలో కట్ట మీద అంత జనం ఇంకెప్పుడూ కనబడరు. పాటగాడికి అదే పండుగ. గీ మృగశిరకు పాట పాడినంకనే వస్తానని తెగేసి చెప్పాడు.

"జాన్ పోతాంటే పాట ఏంది మల్లన్నా? నీకు దిమాగ్ ఉన్నదా?" అని నేను కట్ట మీదే అరిచాను.

"కొయ్యకముందు ఒక్కసారి నోరార పాడుకోనియ్యి భాయ్. గంతే అడుగుతున్న," అన్నాడు. ఆ మాటలో చమత్కారం ఏమీ లేదు.

ఆ మృగశిరకు ఆయన పాడిన పాట ఎవరూ మరిచిపోరు. గొంతు చీలిపోతున్నా ఆపలేదు. చివరి కుప్ప దగ్గరికి వచ్చేసరికి గాలి తప్ప ఏమీ రావడం లేదు. ఆ గాలికి కూడా జనం నవ్వారు, అదీ ఒక వేషమే అనుకున్నారు. ఆపరేషన్ చేసిన డాక్టర్లు మాత్రం గడ్డ పాకిందనీ, అనుకున్నదానికంటే ఎక్కువ తీయాల్సి వచ్చిందనీ అన్నారు. తర్వాత గడ్డ మళ్లీ రాకుండా రేడియేషన్ కరెంటు పెట్టారు. మనిషి సగమై ఇంటికి వచ్చాడు. మెడకు పలచటి గుడ్డ, గుడ్డ వెనక రంధ్రం. పంపించేటప్పుడు డాక్టరు మైసమ్మను పక్కన కూర్చోబెట్టి, స్నానమైనా మెడ కిందికే పోయాలనీ, ఆ రంధ్రంలో నీళ్లు పోతే నేరుగా ఊపిరితిత్తుల్లోకే పోతాయనీ, చెరువు వైపే పోనియ్యొద్దనీ చెప్పాడు. చెరువు కట్ట మీద ఇల్లున్నవాడికి చెప్పాల్సిన మాటేనా అది?

నేను చూడ్డానికి పోతే మంచం మీద లేచి కూర్చున్నాడు. మెడ మీది గుడ్డ ఎత్తి రంధ్రం చూపించి, పెదవులు కదిపాడు. నాకు అర్థం కాలేదు. మళ్లీ కదిపాడు. కిటికీలోంచి చెరువు వైపు చెయ్యి చూపించాడు. తూము! చెరువుకు నీళ్లు వదిలే తూము ఉన్నట్టే తనకూ తూము పెట్టారట. "తూమా మల్లన్నా?" అని నేను పగలబడి నవ్వాను. ఆయన నా రెండు చేతులూ పట్టుకొని ఊపేశాడు. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. ఆయన మాటను నా అంతట నేను పట్టుకోగలిగింది ఆ ఒక్కసారే.

ఆ తర్వాత ఆయన పెదవులు చదవడం మైసమ్మకే వచ్చింది. ఇంకెవరికీ రాలేదు. ఇక్కడే దేవుడు మహా చెడ్డ పని చేశాడు. లోకంలో ఆయన మాటకు నవ్వని మనిషి ఒక్కతే ఉంటే, సరిగ్గా ఆమెనే ఆయనకు నోరుగా పెట్టాడు. పాపం, ఆమె తప్పేం లేదు. మొగుడి పెదవులు చూసి, ఆ మాటకు అర్థమేదో మంచిగా ఏరుకొని మనకు చెప్పేది. మాట మాత్రం మధ్యలో పడిపోయేది. ఆయన ఇంకో రకంగా చెప్పి చూసేవాడు. ఆమె ఇంకా శుభ్రంగా అర్థం చెప్పేది. చివరికి ఆయన చెయ్యి ఊపి, పోనియ్యి అన్నట్టు మొహం తిప్పుకునేవాడు.

అయినా ఒక్క ఆశ మిగిలింది ఆయనకు. వచ్చే మృగశిరకు కట్ట మీద ఒక్క కుప్ప పాడాలి, జనం నవ్వాలి. ఏడాదంతా ఆ ఆశ మీదే గంజి తాగాడు. మైసమ్మ నాతో, "గా దినం దాక ఉంటే సాలు భాయ్, అటెన్క కత ఎట్లనన్న కానీ," అనేది.

2014లో తెలంగాణ వచ్చిన వారంలోనే మృగశిర పడింది. కట్టంతా తిరునాళ్ల లాగుంది. సంఘం కొత్త పాటగాడు పరమేశ్ చేతిలో మైకు, చెట్టుకు స్పీకరు. వెంకటనర్సయ్య సేటు మిఠాయి పంచుతూ వచ్చి, "మల్లన్నా, మన గడ్డ మనకొచ్చిందే!" అన్నాడు. బాలమల్లు కళ్లు మెరిశాయి. ఆ మెరుపు నాకు తెలుసు. గడ్డ అన్న మాట దొరికింది కదా, ఇక ఊరుకుంటాడా? మెడ మీద చెయ్యి వేసి గబగబా పెదవులు కదిపాడు. మీకు గడ్డ వస్తే, నా గడ్డ నాకు లేకుండా తీసుకపోయిండ్రు అని ఉంటాడు. మైసమ్మ చూసి, "ఆపరేషన్ అయింది అంటున్నడు," అంది.

"అవునమ్మా, తెల్సు, పాపం," అని సేటు ఇంకో మిఠాయి చేతిలో పెట్టి పోయాడు.

పరమేశ్ మంచివాడే. అడగగానే మైకు ఆపేసి, రవ్వ చేపల కుప్ప అప్పగించాడు. అందరూ చుట్టూ చేరారు. బాలమల్లు ఒక చేపను తోక పట్టి ఎత్తాడు, నడుం మీద చెయ్యి వేశాడు, పాతరోజుల్లాగే అందరి మొహాలూ ఒక్కసారి చూసి పెదవులు కదిపాడు. మైసమ్మ గట్టిగానే చెప్పింది. "రవ్వలట. మంచిగున్నయట. పులుసు పెట్టుకోవాల్నట."

ఎవరూ నవ్వలేదు. తర్వాత ఎవడో జాలిపడి హిహి అన్నాడు. వాణ్ణి చూసి పక్కవాడు, ఆ తర్వాత అందరూ నవ్వారు. పొగిడినట్టు చప్పట్లు కూడా కొట్టారు. జీవితమంతా నవ్వించినవాడికి నిజం నవ్వేదో జాలి నవ్వేదో తెలియదా? ఆయన చేపను మెల్లగా కుప్ప మీద పెట్టి, చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. "బంద్ జెయ్యుండ్రి!" అని నేను అరిచాను. నా అరుపుకు కూడా ఇద్దరు నవ్వారు.

అంతలో చెరువులోంచి కేక. రెండో వల నీళ్లలోని తుమ్మ మొద్దుకు చిక్కుకుంది. ఇంకా బలంగా లాగితే చినిగిపోతుంది. వల చిక్కితే మునిగి విడిపించడం ఎన్నో ఏళ్లుగా బాలమల్లు పని. ఆయన లుంగీ ఎగగట్టి దిగాడు. ఎవరికీ ఆపాలని తోచలేదు, ఆయన నీళ్లలోకి దిగడం మాకు అంత అలవాటు. నడుం దాకా పోయి ఆగుతాడులే అనుకున్నాను. ఛాతీ దాకా పోయాడు. అప్పుడు గుర్తొచ్చి, "మల్లన్నా, గొంతు! గొంతు!" అని అరుస్తూ పరుగెత్తాను. ఆయన ఎప్పటిలాగే ఎడమ చేత్తో ముక్కు గట్టిగా పట్టుకొని, నోరు మూసుకొని, మునిగాడు.

కావాలనే దిగాడని తర్వాత ఊళ్లో చాలామంది అన్నారు. అన్నవాళ్లందరితో నేను కొట్లాడాను. చావాలనుకున్నవాడు ముక్కు మూసుకుంటాడా? వల విడిపించి పైకి రావాలనే మునిగాడాయన. ముక్కుతో ఊపిరి తీయడం ఆగి ఏడాదైందన్న సంగతి ఆ చేతికి తెలియలేదు, అంతే.

వల లాగేవాళ్లే ఆయనను ఎత్తి గడ్డ మీద పడుకోబెట్టారు. మెడలోంచి నీళ్లు బుడగలుగా వస్తున్నాయి. మైసమ్మ ఆయన తల ఒళ్లో పెట్టుకుంది. నేను ఆటో కోసం అరుస్తున్నాను. ఆయన కళ్లు తెరిచి ఆమెనే చూశాడు. పెదవులు కదిలాయి. ఆమె కళ్ల నిండా నీళ్లు, పెదవులు కనబడలేదు. కొంగుతో తుడుచుకొని మొహం దగ్గరగా పెట్టింది.

"మల్లా చెప్పు. కనవడలే, మల్లా చెప్పు. నీ నోరు పడిపోను, ఒక్కసారి మల్లా చెప్పవయ్యా!"

ఆయన మళ్లీ చెప్పలేదు. ఆటో అల్వాల్ చేరకముందే అయిపోయింది.

మైసమ్మ ఇప్పుడు మేడ్చల్‌లో నా పక్కనే గంప పెట్టుకొని చేపలమ్ముతుంది. బేరం లేనప్పుడు ఉన్నట్టుండి నా వైపు తిరుగుతుంది. అడిగేది తెలుసు కాబట్టి నేను చేపల మీద నీళ్లు చల్లుతూ తల దించుకుంటాను. అయినా అడుగుతుంది.

"భాయ్, గడ్డ మీద పండుకొని ఆయన అన్నది నవ్వే మాటనా? నవ్వే మాటనే అయితే, నేను నవ్వకపోతి గదా."