జివతి బస్సులో కలిసిన మూడిండ్ల పొడి

మొన్న చంద్రపూర్‌ల ఆఫీసుకు ముఖం నిండ పొడితోటి పోయి, ఆర్డర్ పట్టుకొని వచ్చింది ఎవరనుకున్నరు? నేనే! నవ్వకుండ వినండి.

మా జివతిలో భూమక్క వాళ్ల పొదుపు సంఘం మునగాకు, ఉసిరి, శొంఠి కలిపి పొడి చేస్తది. పొద్దుగాల గోరువెచ్చని నీళ్లల్ల చెంచాడు వేసుకుంటే ఒంటికి మంచిది. పొడి కొనే చంద్రపూర్ ఆఫీసు మేడమ్ ఒకటే మాట చెప్పింది: "ఏ ఇంట్ల చేసినా ఒక్కతీరుగ ఉండాలె. మూడిండ్లది తెండి. తేడా ఉంటే ఆర్డర్ లేదు."

"ఇగ పిడికిలి కొలత బంద్!" అన్న నేను. మా బడి తరాజు ఇచ్చిన. గ్రాములతో సహా కాగితం రాసి మూడిండ్లకు పంచిన.

పొడులు వచ్చినయ్. ఒకటి పచ్చగ, ఒకటి ఎర్రమట్టి రంగు, ఒకటి నల్లగ!

"ఏందక్కా ఇది?" అని భూమక్కను అడిగిన.

"ఆకు బాగా ఎండబెట్టాలె అని రాసినవ్ గద సారూ! నేను నీడకు పెట్టిన, లక్ష్మి రేకుల మీద, పోశవ్వ పొయ్యి మీద. ఎక్కడ ఎండబెట్టాల్నో రాసినవా?"

ప్రశ్న పూర్తిగా చదవండిరా అని పిల్లలకు రోజూ చెప్పే పంతులును. ప్రశ్నే సగం రాసిన!

తెల్లారితే చూపించాలె. మళ్లీ ఎండబెట్టే టైం లేదు. మేడమ్ ముందు జల్ది విప్పొచ్చని మూడు బట్ట మూటలకూ లాగితే ఊడే ముడి వేసి, ఒక్క సంచిలో పెట్టుకొని బస్సెక్కిన. ఘాట్ రోడ్డు మీద గుంత గుంతకూ నేనూ, ఒళ్లో సంచీ ఎగిరినం. చంద్రపూర్‌ల దిగి చూస్తే ముడులన్నీ ఊడి, పొడంతా ఒకటే కుప్ప! మిగిలింది నా ముఖం మీద.

మేడమ్ సంచి అడుగు నుంచి చెంచాడు, నడుమ నుంచి చెంచాడు, మీద నుంచి చెంచాడు తీసి తెల్లకాగితం మీద పోసింది. రంగు ఒక్కటే! నీళ్లల్ల కలిపి తాగింది. రుచి ఒక్కటే!

"వా! మిక్సర్ కుఠే ఆహే, సర్?" ఎక్కడుందీ మిక్సర్ అని మరాఠీల అడుగుతున్నది.

అబద్ధమాడితే రేపు పిల్లలకు ఏ ముఖంతో నీతికథ చెప్పను?

"జివతి రోడ్డు, మేడమ్," అని ఉన్నదంతా చెప్పేసిన.

మేడమ్ కండ్లల్ల నీళ్లొచ్చేదాక నవ్వింది. "ఇదే కావాల్సింది సర్! అందరూ నీడకే ఎండబెట్టండి. అన్ని ఇండ్ల పొడీ ఒక్క గంగాళంలో కలిపినంకనే ప్యాకెట్లు కట్టండి." అని ఆర్డర్ కాగితం చేతిలో పెట్టింది!

ఊళ్లో అడుగుపెట్టంగనే భూమక్క కాగితం గుంజుకొని కండ్లకద్దుకున్నది. "గంగాళం ఎందుకు సారూ? పొడి తయారైనప్పుడల్లా నిన్నే బస్సెక్కిస్తం!"

ఆ మాట కండక్టర్ దాకా పోయింది. నిన్న ఉత్త చేతులతో బస్సెక్కితే కూడా అంటున్నడు: "మిక్సర్ సారూ, వెనక సీటుకు పో. అక్కడ మంచిగ కలుస్తది!"