మరిది బిగించిన బ్యాటరీ

మా ఫ్లోరిడా కాలనీలో కార్లకన్నా బ్యాటరీతో నడిచే గోల్ఫ్ బండ్లే ఎక్కువ. భర్త పోయాక ఎదురింటి ఓపల్ ఆయన బండి మీదే చర్చికీ కొట్టుకీ తిరిగేది. సీటు కింద సీసం బ్యాటరీలు. వంగి వాటికి నీళ్లు పోసేసరికి ఆవిడకి నడుము పట్టేసేది.

"లిథియం వేయిద్దాం వదినా, నీళ్ల గోలే ఉండదు," అన్నాడు మరిది గార్లండ్. ఆవిడ డబ్బుతో కొత్త బ్యాటరీ తెప్పించి, తనే బిగించాడు. ఓపల్ అతనికి పీచ్ పళ్లతో ‘పై’ అనే తీపి వంటకం చేసిపెట్టింది. "తోడబుట్టినవాడైనా ఇంత చెయ్యడు," అని వీధంతా చెప్పుకుంది.

నెల తిరక్కుండానే బండి వంతెన ఎక్కలేక ఆగిపోయింది. నేనే తోసుకొచ్చాను. మెకానిక్ సీటెత్తి చూశాడు.

"ఇది పాతదమ్మా. అప్పట్లో గార్లండ్ గారి బండికి నేనే పెట్టాను. ఇదిగో, దీని మీద తేదీ, నా చేతిరాతే."

ఆవిడ తిన్నగా గార్లండ్ ఇంటికి నడిచింది, వెనకే నేను. అతని బండి సీటెత్తితే లోపల కొత్త బ్యాటరీ తళతళలాడుతోంది.

గార్లండ్ తడబడలేదు. "నువ్వు తిరిగేదెంత వదినా? చర్చి దాకా పాతది చాలదా? నేను రోజూ ఆటకెళ్లాలి."

"అడిగుంటే నేనే ఇచ్చేదాన్ని. నా చేత ఆ ‘పై’ చేయించుకుని కమ్మగా తిన్నావు చూడు, అదే నాకు మింగుడుపడట్లేదు."

తర్వాత అతను కొత్తది తెచ్చిపెడతానన్నా ఆవిడ ఒప్పుకోలేదు. మెకానిక్ చేత మళ్లీ సీసం బ్యాటరీలే పెట్టించుకుంది.

మొన్న ఆవిడ కుళాయి కారుతుంటే నేను బాగుచేస్తానన్నాను. ఓపల్ కాసేపు నా మొహంలోకి చూసి, "ఎందుకు?" అని అడిగింది.