ద్వారక ఓడకు ముప్ఫై చద్దర్లు

మా ముత్తాత కరీంనగర్ వైపు నుంచి కాలినడకన సోలాపూర్ చేరి మగ్గం పెట్టినవాడు. మా తాత సాఖర్‌పేటలో నలభై మగ్గాల కార్ఖానాకు యజమాని. కులపంచాయితీలో ఆయన గొంతు సవరించుకుంటే మిగతావాళ్లు మాట ఆపేవారు. మా కులదైవం మార్కండేయుడి రథం కదిలే రోజు మొదటి కొబ్బరికాయ ఆయనదే. మా నాన్న నూలు బేరాల్లో ఆ కార్ఖానాను పోగొట్టాడు. ఆయన పోయాక నా వంతుకు వచ్చినవి ముందుగదిలో రెండు మగ్గాలు, వాటిమీద నేసే మా చిన్నాయన, కార్ఖానా పేరు అచ్చువేసిన ఉత్తరాల కాగితాలు. నేను ఒక నూలు కొట్టులో రాతపని చేసేవాణ్ణి. ఆ సంగతి ఇంట్లో ఎత్తేవాళ్లం కాదు.

తాత కాలంలో మగ్గాలు ఒకచోట, మేము ఒకచోట. మగ్గాలు ఇంట్లోకి వచ్చాక అమ్మకు దగ్గు పట్టుకుంది. ఆమె మంచం మీద, మంచినీళ్ల కుండ మూత మీద, ఎక్కడ చూసినా నూలు దుమ్మే. ఆ మాఘమాసంలో డాక్టరు నన్ను పక్కకు పిలిచి, ఈ ఎండాకాలం ఆమెను ఈ ఇంట్లో ఉంచితే ఊపిరితిత్తులు తట్టుకోవని, చల్లటి సముద్రపు గాలి పట్టించమని చెప్పాడు.

బొంబాయి నుంచి ఉత్తరంగా వెరావల్, పోర్‌బందర్ మీదుగా ద్వారక దాకా ఓడలు పోతాయని కొట్టుకు వచ్చే ఒక గుమాస్తా చెప్పాడు. చైత్రంలో కూడా సాయంకాలం ఓడ పైన చలి వేస్తుందట. అమ్మ ద్వారక అన్న మాట విని మొదటిసారి దగ్గు మధ్యలో నవ్వింది. అమ్మ, నా భార్య, నేను. రానూపోనూ పదిహేను రోజులు. ఇంతకంటే సులువైన పని ఏముంటుందనుకున్నాను.

ఓడ ఆఫీసుకు కార్ఖానా కాగితం మీద ఉత్తరం రాశాను. మాకు విడిగా గది కావాలని, మా వంట మేమే చేసుకుంటామని, మా తాతగారి హోదా ఇదని రెండు పేజీలు. వాళ్లు మూడు వరుసల్లో జవాబిచ్చారు. గది ఉంది, పొయ్యి పెట్టనివ్వం, వానలు వచ్చే ముందు వైశాఖం చివరికి ఓడలు ఆగిపోతాయి. తాతగారి సంగతి ఒక్క ముక్క లేదు. నాకు ఒళ్లు మండి, ఆ పొయ్యి గురించే ఇంకో రెండు ఉత్తరాలు రాశాను. వాటికి జవాబే లేదు.

తర్వాత చద్దర్ల దగ్గరికి వచ్చాం. చలి ప్రదేశానికి పోతున్నాం. సోలాపూర్ సాలెవాళ్లం, బజారులో కొన్న చద్దరు కప్పుకొని గదిలో కూర్చుంటామా? ఇంట్లో ఉన్నవి మాసి చిరిగినవి. తాత కాలపు జంట నెమళ్ల నమూనాతో మూడు కొత్త చద్దర్లు నేయమని చిన్నాయనకు నేనే చెప్పాను. ఇది నా తప్పే, ఒప్పుకుంటాను.

నాలుగో రోజు చూస్తే మగ్గం మీద నిలువు పోగుల పడుగు కొండలా చుట్టి ఉంది.

"చిన్నాయనా, ఇది మూడు చద్దర్ల పడుగేనా?"

"ముప్ఫై చద్దర్లది."

"నేను మూడే కదా అడిగింది!"

"మూడు చద్దర్లకు పడుగు ఎవడు ఏస్తడురా? గల్లీల నవ్వరా? పోగులు అతికేటందుకే రెండు దినాలు పట్టె. మూడు నేసి ఊకుంటరా?"

"సరే, మూడు నేసి ఇవ్వు, మేము పోతాం. మిగతావి నెమ్మదిగా నేసుకో."

మంచం మీద నుంచి అమ్మ లేచి కూర్చుంది. "గదెట్లయితది బిడ్డా? నీ పేరు చెప్పి ఏసిన పడుగు మగ్గం మీద ఉండంగ ఇంటి పెద్దవు నువ్వు ఊరు దాటుతవా? మీ తాత ఎన్నడన్న దాటిండా?"

నిజమే, దాటలేదు. ఇంటి పెద్ద పేరున వేసిన పడుగు మొత్తం నేసి దించేదాకా ఆయన పొరుగూరి పెళ్లికి కూడా పోయేవాడు కాదు. ఆయనకు ఆ పడుగు దించడానికి నలుగురు ఉండేవారు. నాకు చిన్నాయన ఒక్కడే. నాకు మగ్గంలో కాలు పెట్టడం కూడా రాదు.

రోజుకో చద్దరు నేసినా సరిపోయేది. కానీ చైత్రంలో ఎర్రరంగు నూలు చాలలేదు. నెమలి నమూనాకు చిల్లులు పొడిచిన అట్టలు పాతవి, చిరిగితే అతికించాల్సి వచ్చింది. వైశాఖంలో పెళ్లిళ్లు. చిన్నాయన ప్రతి పెళ్లికీ పోయి, భోజనం చేసి, నిద్రపోయి, మర్నాడు మధ్యాహ్నం వచ్చేవాడు. నేను గుమ్మంలో నిలబడి లెక్క అడిగితే, "జల్దీ చేస్తే నెమలికి తోక ఉండదు మరి" అనేవాడు.

గల్లీలో నడవడం కష్టమైంది. ఎదురింటి ముసలాయన బీడీ వెలిగించుకుంటూ రోజూ మరాఠీ కలిపి ఒకటే మాట. "కాయ్ సావుకార్, మీ జహాజు ఇంక కదలలేదా? లంగరు గట్టిగ పడ్డట్టుంది!" ఆయన కోడలు లోపల పకపకా నవ్వేది. నేను తల తిప్పకుండా నడిచేవాణ్ణి.

ఆఖరి ఓడ పోయిన రోజుకు ఇరవై రెండో చద్దరు మగ్గం మీద ఉంది. పెంకులు కాలిపోతున్న ఆ మధ్యాహ్నం అమ్మ గుమ్మం బయట పీట మీద, ముక్కుకు తడి తువ్వాలు అడ్డం పెట్టుకొని కూర్చుంది. లోపల మగ్గం కొట్టుకున్నప్పుడల్లా ఆమె దగ్గేది.

"లోపలికి రా అమ్మా, ఎండ."

"ఎండ నయం బిడ్డా. లోపల ఊపిరాడుత లేదు."

ద్వారక పేరు మళ్లీ ఎత్తలేదు. నా మీద కోపం కూడా చూపలేదు. కోపగించుకుంటే బాగుండేది.

డాక్టరు దగ్గరికి మళ్లీ పోయాను. ఓడ తప్పిందని మాత్రం చెప్పి, ఎందుకో దాటేశాను. "ఆమెను గాలి దగ్గరికి తీసుకుపోలేకపోతే, దుమ్మునైనా ఆమె దగ్గరి నుంచి తీసెయ్యండి" అన్నాడు.

వానలు పడ్డాక ముప్ఫయ్యో చద్దరు దిగింది. చిన్నాయన కొత్త పడుగు భుజాన వేసుకొని వచ్చాడు. వద్దన్నాను.

"వద్దంటే? మగ్గం ఖాళీగ ఉంచుతవా?"

"మగ్గమే ఉండదు."

ఆయన పడుగును భుజం మీంచి దించాడు. "మీ తాత ఇంట్ల మగ్గం లేకుంటే మనల్ని ఏమని పిలుస్తర్రా?" అన్నాడు. అమ్మ వద్దని ఏడ్చింది, ఏడుస్తూ దగ్గింది.

ఆ వారంలోనే రెండు మగ్గాలనూ, నెమళ్ల నమూనా అట్టలతో సహా, అక్కల్‌కోట్ రోడ్డు పక్క ఒకాయనకు అమ్మేశాను.